చేపలే లేని చోట గాలం విసిరించి ఫొటో తీస్తే అది అబద్ధమా?

మారతహళ్లి మబ్బు:
మా బెంగళూరు ఫొటో గ్రూపులో నిన్న పెద్ద గొడవైంది, మీరే తేల్చండి. ఏప్రిల్‌లో హిమాచల్‌లో తీర్థన్ లోయకు వెళ్లాను. అక్కడ ట్రౌట్ చేపల కోసం ఫ్లై ఫిషింగ్ (పురుగులా కనిపించే ఈకల కొక్కెంతో గాలం వేయడం) చేసే ఒకాయనను రోజుకింతని గైడుగా మాట్లాడుకున్నాను. నాకు చేప అక్కర్లేదు, మీరు గాలం విసురుతుంటే ఫొటోలు కావాలి అని ముందే చెప్పాను. లైసెన్సు గట్రా అన్నీ ఆయన దగ్గర ఉన్నాయి. తంటా ఏంటంటే, పొద్దున ఆయన రోజూ పట్టే చోట కొండ నీడ, ఒక్క కిరణం పడదు. కొంచెం కిందికి వస్తే వెనకంతా నల్లగా దేవదారు చెట్లు, ఎదురు వెలుతురు, ఆ దారం గాల్లో లేస్తే బంగారు తీగలా ఉంటుందని నాకు అక్కడే అర్థమైపోయింది. "సాబ్, ఇక్కడ మోకాలి లోతు కూడా లేదు, చేప ఉండదు" అన్నాడు. ఉండకపోతే ఏం, విసరండి అన్నాను. నలభై సార్లయినా విసిరించి ఉంటాను. ఫొటో అదిరింది. కింద "ట్రౌట్ కోసం, తీర్థన్ నది" అని రాసి గ్రూపులో పెడితే ఒకాయన "ఇది సినిమా షూటింగ్, డాక్యుమెంటరీ విభాగంలోంచి తీసెయ్" అన్నాడు. మనిషి నిజం, నది నిజం, విసురు నిజం. మరి అబద్ధం ఏది?

సగం ఫ్రేమ్:
ఏదీ లేదు బ్రో. పెళ్లిలో ఫొటోగ్రాఫర్ "అమ్మా, తలంబ్రాలు ఇంకోసారి పోయండి" అంటాడు, పోస్తారు. ఆ పెళ్లి చెల్లదా?

కర్రా దారం:
పెళ్లి పోలిక బాగుంది గానీ ఇక్కడ పెళ్లికూతురే రాలేదు కదా.

నేనూ బెంగళూరే, ఆరేళ్లుగా ఫ్లై కర్ర పట్టుకు తిరుగుతున్నాను, చేపల కన్నా చెట్టు కొమ్మలనే ఎక్కువ పట్టానన్నది వేరే సంగతి. మబ్బు గారూ, మీరు కింద ఒక్క అక్షరం రాయకపోయినా మాలాంటి వాళ్లకు తెలిసిపోతుంది. మామూలు గాలంలో ఎర బరువో సీసం గుండు బరువో దారాన్ని లాక్కుపోతుంది. ఫ్లైకి బరువే ఉండదు, ఈకలూ బొచ్చూ చుట్టిన చిన్న కొక్కెం అంతే. అందుకని ఇందులో లావుపాటి దారమే బరువు. దాన్ని వెనక్కి చాచి, అది పూర్తిగా విప్పుకునేదాకా ఆగి, అప్పుడు ముందుకు కొట్టాలి. మీ ఫొటోలో ఆయన తల మీద మెలిక తిరిగి ఉన్న దారం పది పన్నెండు మీటర్లు ఉంటుంది. మోకాలి లోతు నీళ్లలో ట్రౌట్ పట్టేవాడు అంత దారం గాల్లో ఎగరేయడు. చేప ప్రవాహానికి ఎదురుగా మొహం పెట్టి ఉంటుంది కాబట్టి దాని వెనక నుంచి, అంటే కింది వైపు నుంచి, వంగి, బండ చాటున నక్కి, నాలుగైదు మీటర్ల విసురుతో పని కానిస్తాం. దారం నీడ పడినా పారిపోతుంది అది. అసలు ఫ్లై గాల్లో ఉన్నంతసేపూ చేప పడదండీ, నీళ్లలో ఉంటేనే పడుతుంది. ఇంకా చెప్పాలంటే మీ గైడు నీళ్ల వైపు చూడనే లేదు, దారం వైపు చూస్తున్నాడు. అది విసరడం. వేట కాదు.

సగం ఫ్రేమ్:
నూటికి తొంభై తొమ్మిది మందికి ఇదంతా తెలియదు కదా అన్నా.

కర్రా దారం:
తెలియని వాళ్లకు ఇత్తడి అమ్మితేనే తమ్ముడూ మోసం అంటారు, తెలిసినవాడు ఎలాగూ కొనడు.

అడయార్ ఒడ్డు:
చెన్నై నుంచి నా గోల కూడా వినండి. ఇక్కడ అడయార్ నది సముద్రంలో కలిసే చోట, విరిగిన వంతెన దగ్గర, కొన్ని ఆదివారాలు పొద్దున్నే వలల కన్నా కెమెరాలే ఎక్కువ కనిపిస్తాయి. నేనూ ఒకసారి వంద రూపాయలిచ్చి ఒకన్నతో ఎండ వైపు తిరిగి విసురు వల వేయించాను. గాల్లో గుండ్రంగా విచ్చుకుంది, బ్రహ్మాండం. నాలుగోసారి అడిగితే "తంబీ, ఇంకా వేస్తే ఇటు పక్క చేపలన్నీ బెదిరిపోతాయి, ఇంకో యాభై ఇవ్వు" అన్నాడు. అప్పుడు నవ్వొచ్చింది గానీ ఆయన లెక్క కరెక్టే, ఆటుపోట్ల మధ్య ఆయనకు దొరికేదే కాస్త టైము, అందులో సగం నేను తినేశాను. బర్మాలో ఇన్లే సరస్సు మీద శంకులాంటి బుట్ట ఎత్తి ఒంటికాలి మీద నిలబడే జాలర్ల ఫొటోలు మీరంతా చూసే ఉంటారు. వాళ్లలో కొందరికి ఇప్పుడు చేపల కన్నా పోజులే బతుకుతెరువు. చైనాలో గుయ్‌లిన్ దగ్గర లీ నది మీద నీటికాకులతో చేపలు పట్టే ముసలాళ్లదీ అదే కథ, లాంతరు, తెప్ప, పక్షులు, అన్నీ కెమెరా కోసమే. అది తప్పని నేననను. డబ్బులిచ్చాం, ఆయన నిలబడ్డాడు. ఆ ముక్క రాయడానికి మనకెందుకంత సిగ్గు?

మారతహళ్లి మబ్బు:
సిగ్గు కాదు సార్. రాస్తే ఎవరూ లైక్ కొట్టరు :)

కర్రా దారం గారూ, మీది మరీ చాదస్తం. వెలుతురు ఉన్న చోటికి మనిషిని జరపడం, కిటికీ దగ్గర కూర్చోమనడం లాంటిదే కదా. అపార్ట్‌మెంట్ లాన్‌లో విసురుతూ మీరు పెట్టిన వీడియో ఒకటి చూశాను. అందులో చేప ఎక్కడుంది?

కర్రా దారం:
అందులో ఫ్లైకి బదులు ఊలు ముక్క కట్టాను, కింద "ప్రాక్టీస్" అని రాశాను. మా వాచ్‌మన్ కూడా "ఏన్ సార్, మీను సిక్తా?" అని అడిగాడు, పడలేదనే చెప్పాను. మీరు పడుతుందని రాశారు.

ఉప్పుచేప:
అందరూ మనిషి గురించే కొట్టుకుంటున్నారు. నన్నడిగితే చేప లేని చోట విసిరించడమే నయం. పడి ఉంటే ఏం చేసేవారు? "ఇంకొంచెం ఎత్తు, కన్ను ఫోకస్ అవలేదు" అని నిమిషం సేపు గాల్లో పట్టించేవారు. పోరాడి అలిసిపోయిన చేపకు ఆ నిమిషం ఎలా ఉంటుందంటే, మెట్లన్నీ పరిగెత్తి ఎక్కినవాడి ముక్కూ నోరూ మూసినట్టు. మన కావేరి సంగతే చూడండి. హంప్‌బ్యాక్ మహసీర్ అనే పెద్ద చేప కావేరీ, దాని ఉపనదుల్లో తప్ప ప్రపంచంలో ఎక్కడా లేదు. టార్ రెమాదేవీ అనే శాస్త్రీయ నామం దానిదేనని తేలింది 2018లో, అదే ఏడాది ప్రకృతి పరిరక్షణ అంతర్జాతీయ సంస్థ ఐయూసీఎన్ దాన్ని అంతరించిపోయే ప్రమాదం అతి తీవ్రంగా ఉన్న జాబితాలో పెట్టింది. భీమేశ్వరి, గాలిబోరె వైపు క్యాంపుల్లో ఒకప్పుడు గాలానికి పట్టి వదిలేసేవారు, అభయారణ్యంలో ఆ ఆట ఆగిపోయింది. అలాంటి చేపను ఒళ్లో పెట్టుకుని నవ్వే ఫొటో కన్నా మబ్బు గారి ఖాళీ నది నాకు వెయ్యి రెట్లు ఇష్టం.

కర్రా దారం:
ఇది ఒప్పుకుంటాను. చేపను ఫొటో తీయక తప్పదంటే, వలతో సహా నీళ్లలోనే ఉంచి, కెమెరా సిద్ధం అన్నాక తడి చేతులతో లేపి, మూడు నాలుగు సెకన్లలో మళ్లీ దించేయాలి. నీళ్లు 20 డిగ్రీలు దాటితే ట్రౌట్‌కు అసలే ఊపిరికి కష్టం, ఆ రోజు కర్ర బయటికే తీయకూడదు. పనిలో పని, కెమెరా వాళ్లకు ఇంకో మాట. కుడిచేతి వాటం మనిషికి ఎడమ పక్కన నిలబడండి, కళ్లద్దాలు పెట్టుకోండి. మా ఫ్రెండు చెవికి ఫ్లై దిగింది. కొన దగ్గర వెనక్కి తిరిగి ఉండే ముల్లు నొక్కేసిన కొక్కెం కాబట్టి ఇట్టే వచ్చేసింది, లేకపోతే ఆసుపత్రే.

మారతహళ్లి మబ్బు:
రాత్రి మెమరీ కార్డు మళ్లీ చూశాను. కిందికి రాకముందు ఆ నీడ చోటులో ఆయన ఓ ఇరవై నిమిషాలు తన పని తాను చేసుకున్నాడు, నేను ఫ్లాస్కులో టీ తాగుతూ కూర్చున్నాను. ఊరికే మూడు ఫ్రేములు కొట్టినట్టున్నాను. ఒకదాంట్లో ముడి వేసి, బిగించే ముందు నోట్లో పెట్టి తడుపుతున్నాడు. ఇంకోదాంట్లో బండ వెనక మోకాళ్ల మీద ఉన్నాడు, మొహం కనపడదు, దారమూ కనపడదు, అంతా బూడిద రంగు. రెండూ కింద పెడుతున్నాను. పాతదానికి "నేను అడిగితే విసిరిన విసురు" అని మార్చాను, కానీ అది తీసేయను, నాకిష్టం.

సగం ఫ్రేమ్:
బండ ఫొటోలో ఏముంది బ్రో, బండ పక్కన ఇంకో బండలా ఉన్నాడు.

కర్రా దారం:
పెద్దది చేసి చూడండి. కుడి పక్కన, బండ దాటాక, నీటి మీద చిన్న వలయం ఉంది. చేప లేచిందా అది? షట్టర్ వేగం ఎంత?

మారతహళ్లి మబ్బు:
సెకనులో 1/80 వంతు. నా చెయ్యి కూడా కదిలింది. వలయమో, రాయి తగిలి నీళ్లు తిరిగాయో చెప్పలేను. ఆయన నంబరు ఉంది, ఫొటో పంపి అడుగుతా.