20 పడ్డదని కోట తాళాలే ఇచ్చేస్తరా?

పాలమూరు_పాచిక:
మొన్న నల్లగొండల జరిగిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ (తలా ఒక పాత్ర పట్టుకొని, పాచికలేసి కథ నడిపించేది) ఆట గురించి అడుగుతున్న. పార్టీ మొత్తం 3వ లెవెల్. దేవరకొండ ఖిల్లా లాంటి కోట, దర్వాజ కాడ కాపలాకు ఒక ఓగర్, అంటే మొద్దు రాక్షసుడు. బార్డ్ (పాటగాని పాత్ర) ముందుకు పోయి "బావా, మీ చెల్లెను నాకియ్యి, కట్నం కింద కోట రాసియ్యి" అన్నడు. మాటలతోని ఒప్పించే పర్సువేషన్ చెక్ వేస్తే డీ20 (ఇరవై ముఖాల పాచిక) మీద 20 పడ్డది. ఓగర్ ఏడ్సుకుంట కౌగిలించుకొని తాళాలగుత్తి చేతుల పెట్టిండు. నవ్వలేక సచ్చినం, నిజమే. కానీ రూల్ అది కాదు. 20 పడితే ఖాయంగ తగిలేది దాడి ఒక్కటే. స్కిల్ చెక్‌కు బోనస్ కలిపి డీసీతోని, అంటే పని కావాలంటే రావాల్సిన అంకెతోని చూడాలె. 2014 పుస్తకంల గట్లనే ఉన్నది, 2024ల గూడ గట్లనే.

దేవరకొండ_బార్డ్:
కలిపే చూసినం గదన్నా. కరిజ్మాకు (ఆకర్షణకు) +3, ఎక్స్‌పర్టైజ్‌కు (ఆరితేరిన నేర్పుకు) +4, మొత్తం 27. చాలా కష్టమైన పనికి డీసీ 25. దాటిన.

కోయిల్‌సాగర్:
బాల్డర్స్ గేట్ 3ల 20 పడితే పాసే గద?

పాలమూరు_పాచిక:
అది కంప్యూటర్ గేమ్, దాని రూల్ దానిది. 2022ల ట్రయల్ రూల్స్‌ల అన్ని చెక్‌లకు గట్ల పెట్టి చూసిండ్రు, తర్వాత తీసేసిండ్రు. ఒక్క పాచికకు 20 పడే అవకాశం 5 శాతం. పక్కోడు హెల్ప్ చేసి అడ్వాంటేజ్ ఇస్తే, అంటే రెండుసార్లేసి పెద్దది తీసుకుంటే, 9.75. నలుగురు తలా ఒకసారి వేస్తే ఎవరికో ఒకరికి పడేది 18 శాతం దాటుతది. గంత సులువుగ కోటలు చేతికొస్తే ఇంక కత్తులెందుకు?
తమ్మీ, ఆట ఆడించినోడు 25 అని ఎప్పుడు చెప్పిండు? పాచిక పడ్డంక! డీసీ ముందుగాల రాసుకోవాలె.

దేవరకొండ_బార్డ్:
ముందు చెప్పినా, ఎన్క చెప్పినా 27 ఇరవై ఏడే.

పాలమూరు_పాచిక:
2014 డంజన్ మాస్టర్స్ గైడ్ తియ్యి. పగతోని ఉన్న పాత్రతోని మాట్లాడితే డీసీ 10కి హాని చెయ్యడు, సాయం గూడ చెయ్యడు. 20కి, తనకు ముప్పు గానీ నష్టం గానీ లేకుంటేనే చెప్పిన పని చేస్తడు. తాళాలు ఇచ్చుడు నష్టం కాదా? 27 కాదు, 40 వచ్చినా గంతే.

దేవరకొండ_బార్డ్:
ఓగర్ తెలివి 5 అన్నా. వాడు గైడ్ చదువుకొని కాపలా కాస్తున్నడా? అందరు నవ్విండ్రు, మీకొక్కరికే కడుపుమంట.

మూసీ_క్లెరిక్:
అందరు నవ్వలేదు. చాటుగ లోపలికి పోనీకి రెండు గంటలు కూసొని ప్లాన్ వేసింది క్లెరిక్ (పూజారి పాత్ర) ఆడే నేనూ, డ్రూయిడ్ (అడవి మంత్రగాని పాత్ర) ఆడే తమ్ముడూ. వాడు పాస్ వితౌట్ ట్రేస్ మంత్రం వేస్తే 30 అడుగుల లోపల ఉన్నోళ్ల స్టెల్త్‌కు (దొరకకుండ పోయే చెక్‌కు) +10. నేను ఓగర్ కాడ ఉన్న హెచ్చరిక నగారా మీద సైలెన్స్ మంత్రం వేస్తే 20 అడుగుల చుట్టూ చప్పుడే ఉండదు, కొట్టినా లోపలికి వినబడదు. రెండూ రెండో లెవెల్ స్పెల్స్, ఆ లెవెల్‌కు మాకున్నవే రెండేసి స్లాట్లు, అంటే రెండేసిసార్లే వేయొచ్చు. ఒక్కటి గూడ వేసే పనిలేకుండ ఆట అయిపోయింది. ప్రతిసారి ఇదే. గట్టిగ మాట్లాడినోనికే పాచిక, మెల్లగ ఉండేటోళ్లకు ప్రేక్షకుల సీటు.

దేవరకొండ_బార్డ్:
అక్కా, గీ మాట టేబుల్ కాడ ఎందుకనలే?

మూసీ_క్లెరిక్:
అందామంటే సందేదీ?

మిర్యాలగూడ_జీఎం:
ఆ రోజు ఆట ఆడించింది నేను కాదు గాని, చెప్తా వినుండ్రి. అసలు జరగని పనికి పాచికే వేయించొద్దు. వేయించినమంటే 20కి ఏమొస్తదో ముందే మనసుల ఉండాలె. ఇక్కడ దొరికే పెద్ద ఫలం తాళం కాదు, ఓగర్ మనసు. "బావా" అన్నందుకు మురిసిపోయి నగారా కొట్టడు, బార్డ్‌ను కూసోబెట్టుకొని కట్నం కింద ఎన్ని మేకలని బేరం పెడ్తడు. ఆ బేరం నడుస్తుండంగనే డ్రూయిడ్, క్లెరిక్ గోడ ఎక్కాలె. బార్డ్ రెండు మాటలు, స్టెల్త్ ఒకసారి, మళ్ల బార్డ్ రెండు మాటలు. ఒక్కొక్కరికి మూడు నిమిషాలు దాటనియ్యొద్దు. నవ్వు గూడ పెరుగుతది, ఎందుకంటే బేరం ఎప్పుడు చెడ్తదో అని గోడ మీదోళ్లకు గూడ భయముంటది.

మూసీ_క్లెరిక్:
గట్లయితే నాకు ఒప్పే. బేరం నువ్వే ఆడు తమ్మీ, నగారా నాకిడిసిపెట్టు.

దేవరకొండ_బార్డ్:
సరే అక్కా. మేకల కాడికెళ్లి మళ్ల ఆడుదాం.

పాలమూరు_పాచిక:
డీసీ మాత్రం ముందే రాయాలె.