పోర్చుగల్‌లో సెజింబ్రా ఊరి దగ్గర రిబైరా దు కవాలు బీచ్‌కి అమ్మతో వెళ్లొచ్చా?

ప్రశ్న: వచ్చే నెల లిస్బన్ వస్తున్నాం. అమ్మకి 61 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు. దారి ఎలా ఉంటుందండీ?

జవాబు: ఆ దగ్గర్లోని సెతూబల్ ఊళ్లో ఉంటాను, రెండుసార్లు వెళ్లాను. అమ్మగారిని నడిపించకండి. దాదాపు అరగంట దిగుడు, చివర్లో చేతులు ఆనించి దిగాల్సిన రాళ్లు. మొదటిసారి చెప్పులేసుకుని వెళ్తే పొడిమట్టిలో జారి మోచెయ్యి గీరుకుపోయింది. కింద దుకాణం లేదు, బాత్‌రూమ్ లేదు, లైఫ్‌గార్డూ లేడు. కానీ ఆ నీళ్లు! తెల్లటి రాళ్ల మధ్య పచ్చగా, అడుగున గులకరాళ్లు కనిపిస్తాయి. వేసవిలోనూ ఒళ్లు జివ్వుమంటుంది.

ప్రశ్న: అయితే అమ్మని హోటల్లో ఉంచాల్సిందేనా? మనసొప్పడం లేదు.

మరో జవాబు: అక్కర్లేదు. వేసవిలో సెజింబ్రా రేవు నుంచి పడవలుంటాయి, మా అత్తయ్యని అలాగే తీసుకెళ్లాం. దిగేటప్పుడు చెయ్యి పట్టుకోండి. చెత్త వెనక్కి తెచ్చేయండి, అది అర్రాబిదా రక్షిత ప్రాంతం.