పాత రిపోర్టులో యూరియా 40, కొత్తదానిలో 6.9: ఎలా పోల్చాలి?

నాన్నగారి రక్తపరీక్షల ఫలితాలను ఆరేళ్లుగా ఒక నోటుపుస్తకంలో రాసి పెడుతున్నాను. ఈసారి ల్యాబ్ రిపోర్టులో క్రియాటినిన్ (మూత్రపిండాల పనితీరును చెప్పే కొలత) 97 అని చూడగానే చేతులు చల్లబడ్డాయి. పోయినసారి అది 1.1 మాత్రమే. కాసేపటికి గానీ పక్కనున్న చిన్న అక్షరాలు నా కంటపడలేదు. డెసిలీటరుకు మిల్లీగ్రాములు పోయి, లీటరుకు మైక్రోమోల్స్ వచ్చాయి. 1.1ని 88.4తో గుణిస్తే 97. అంటే ఏమీ మారలేదు.

గ్లూకోజ్‌ను 18తో, కొలెస్టరాల్‌ను 38.67తో భాగించి పాత అంకెలన్నీ కొత్త కొలతలోకి, అంటే లీటరుకు మిల్లీమోల్స్‌లోకి మార్చుకున్నాను. పొటాషియంతో పేచీ లేదు, రెండు పద్ధతుల్లోనూ అదే అంకె. యూరియా దగ్గరే ఆగిపోయాను. పాత రిపోర్టులో 'యూరియా 40' అని మాత్రమే ఉంది. అది మొత్తం యూరియా అయితే 6తో భాగించాలి, 6.7 వస్తుంది. యూరియాలోని నైట్రోజన్ మాత్రమే అయితే 2.8తో భాగించాలి, 14.3 అవుతుంది. మొదటిది నిశ్చింత, రెండోది ఆందోళన. కొత్త రిపోర్టులో 6.9 ఉంది.

పాత కాగితంలోని సాధారణ పరిమితిని బట్టి అది ఏ కొలతో తేల్చుకోవచ్చా? అక్కడ 15 నుంచి 45 అని ఉంది. ల్యాబ్‌లలో పనిచేసేవారు దయచేసి చెప్పండి.

ఇంకొక మాట. ప్రపంచ ఆరోగ్య సభ 1977లోనే లీటరుకు మోల్స్‌లో చెప్పే ఈ అంతర్జాతీయ ప్రమాణాలను సిఫారసు చేసింది. మార్పు మంచిదే, నేను కాదనను. కానీ మారే కాలంలో రెండు అంకెలూ పక్కపక్కన ముద్రించాలి కదా! మీ ల్యాబ్‌లు అలా చేశాయా? చేస్తే ఎన్నాళ్లు?