ఎం35 లారీకి పాత బ్రేకులే ఉంచాలా?

ప్రశ్న

అమెరికా సైన్యం వాడి వేలంలో అమ్మేసిన ఎం35ఎ2 లారీని కొని, సెలవు రోజుల్లో స్వయంగా బాగుచేసుకుంటున్నాను. దీని బ్రేకులన్నింటికీ ఒకే మార్గంలో ఆయిల్ పంపే మాస్టర్ సిలిండర్ ఉంది. ముందు, వెనుక చక్రాలకు వేర్వేరు మార్గాలుండే సిలిండర్ బిగించమని కొందరు చెబుతుంటే, అలా చేస్తే చారిత్రక వాహనంగా దాని విలువ పోతుందని మరికొందరు వారిస్తున్నారు. మీ అభిప్రాయం తెలుపగలరు.

మొదటి సమాధానం

తప్పక మార్చండి. ఖాళీగానే దాదాపు 6 టన్నులు తూగే ఈ లారీలో ఆరు బ్రేకు డ్రమ్ములున్నాయి. వాటిలో ఏ ఒక్క వీల్ సిలిండర్ (ఆయిల్ ఒత్తిడితో చక్రం దగ్గర బ్రేకును పనిచేయించే భాగం) కారినా, ఏ ఒక్క గొట్టం పగిలినా ఆయిల్ అక్కడి నుంచే బయటికి పోయి, మిగిలిన ఐదూ పనిచేయవు. అప్పుడు దిక్కు హ్యాండ్‌బ్రేక్ ఒక్కటే. అది చక్రాలను కాక ట్రాన్స్‌ఫర్ కేసు (ఇంజను శక్తిని ముందు, వెనుక ఇరుసులకు పంచే గేర్ల పెట్టె) నుంచి వచ్చే షాఫ్టును పట్టుకుంటుంది కనుక, నిలిపిన బండిని కదలకుండా ఉంచడానికే తప్ప వేగంగా పోయే బండిని ఆపడానికి దాన్ని నమ్ముకోలేము. నాలుగేళ్ల క్రితం ఒక దిగుడు దారిలో వెనుక గొట్టం తెగి నా పెడల్ నేలకంటింది. చిన్న గేరులో వస్తున్నందువల్ల, ఎదుట మరో వాహనం లేనందువల్ల బయటపడ్డాను. ఆ రోజు పక్క సీటులో మా అబ్బాయి ఉన్నాడు.

రెండవ సమాధానం

మీ అనుభవాన్ని కాదనను. కానీ సైనికులు దశాబ్దాల పాటు ఈ బ్రేకులతోనే నడిపారు కదా. గొట్టాలు, సిలిండర్లు సకాలంలో మారిస్తే పాత అమరికలో లోపమేమీ లేదు. ఒక్కొక్కటిగా మార్చుకుంటూ పోతే చివరికి మిగిలేది సైనిక వాహనం కాదు.

మొదటి సమాధానమిచ్చినవారు

సైన్యంలో ప్రతి లారీ వెనుక మెకానిక్కులు, నిర్ణీత తనిఖీలు ఉండేవి. మన బండ్లు నెలల తరబడి కదలకుండా నిలిచి, లోపల్లోపలే తుప్పుపడతాయి. అసలు రూపం విషయానికి వస్తే, 1950లో పెట్రోలు ఇంజనుతో మొదలైన ఈ లారీకి తర్వాత డీజిల్, కిరోసిన్ వంటి పలు ఇంధనాలతో నడిచే ఇంజనును, 1990లలో ఎ3 రకానికి క్యాటర్‌పిల్లర్ ఇంజనును, ఆటోమేటిక్ గేర్‌బాక్సును అమర్చింది సైన్యమే. అవసరాన్ని బట్టి మార్చుకోవడం కూడా ఈ బండి చరిత్రలో భాగమేనని నేను నమ్ముతాను. చట్రాన్ని కోయకుండా బిగించే పద్ధతి ఎంచుకుని, తీసిన సిలిండర్‌ను భద్రపరిస్తే, తర్వాతి యజమాని కోరుకుంటే పాత రూపానికి తెచ్చుకోవచ్చు.

అయితే కొత్త సిలిండర్ వచ్చిందని పాత గొట్టాలను వదిలేయకండి. ఆయిల్ రకం కూడా ముందే చూసుకోండి: సైన్యం తరువాతి కాలంలో తేమ పీల్చని సిలికాన్ ఆయిల్‌కు మారింది, అది సాధారణంగా ఊదారంగులో ఉంటుంది, మామూలు బ్రేక్ ఆయిల్‌తో కలవదు. మీ బండిలో ఏది ఉందో చెబితే, ఏయే భాగాలు శుభ్రం చేయాలో వివరంగా రాస్తాను.