నవల సగంలో ఆగింది: రోజూ రాయాలా, బుద్ధి పుట్టినప్పుడే రాయాలా?

కృష్ణఒడ్డు
మాది కొల్లాపూర్ వైపు. శ్రీశైలం ముంపులో పోయిన ఊరి మీద నవల రాస్తున్నాను. పది అధ్యాయాలు పక్కన కూర్చుని ఎవరో చెబుతుంటే రాసినట్టు నడిచాయి. పదకొండు దగ్గర ఆగింది, నెలలు గడిచిపోతున్నాయి. మహబూబ్‌నగర్‌లో ప్రైవేటు ఉద్యోగం, రూముకొచ్చేసరికి రాత్రి ఎనిమిది, ఫోన్ పట్టుకుంటే పదకొండవుతుంది. రోజూ ఇంత అని పెట్టుకుని రాసేవాళ్లూ, బుద్ధి పుట్టినప్పుడే రాసేవాళ్లూ మీ పద్ధతి చెప్పండి.

రామగిరి_మాస్టారు
ఇందులో చర్చకేముంది? రోజూ రాయాలి. పొద్దున ఐదింటికి లేచి, ఫోన్ వేరే గదిలో పెట్టి, ఒక్క పేజీ. సర్వీసులో ఉన్నన్నాళ్లూ ఎలక్షన్ డ్యూటీ వచ్చినా, జనాభా లెక్కలు వచ్చినా, పదో తరగతి స్పాట్ వాల్యుయేషన్ వచ్చినా నేను ఆ పేజీ మానలేదు, రెండు నవలలు అట్లాగే పూర్తయ్యాయి. 19వ శతాబ్దంలో ఇంగ్లండులో ఆంథొనీ ట్రాలప్ అనే ఆయన తపాలా శాఖలో ఉద్యోగం చేస్తూనే పొద్దున ఐదున్నరకు కూర్చుని, వాచీ ముందు పెట్టుకుని పావుగంటకు 250 మాటల లెక్కన రాసేవాడు. 47 నవలలు రాశాడు. 21 రోజులు ఆపకుండా కూర్చో తమ్ముడూ, ఆ తర్వాత అదే అలవాటైపోతుంది.

దేవరకొండ_దారి
మాస్టారు చెప్పిందే రైట్. ముందు ఫోన్ పక్కన పెట్టన్నా.

జడ్చర్ల_నైట్‌డ్యూటీ
సార్, ట్రాలప్ గురించి సగమే చెప్పారు. తనను లేపి కాఫీ తెచ్చిచ్చే ముసలి పనివాడికి ఏడాదికి 5 పౌండ్లు ఎక్కువ ఇచ్చేవాణ్నని ఆయనే ఆత్మకథలో రాసుకున్నాడు. మీకు ఐదింటికి టీ ఎవరు పెట్టారు?

నేను నర్సును. ఒక వారం నైట్, ఒక వారం డే. మీరు చెప్పే ఆ ఐదు గంటలకు సగం రోజులు వార్డులో సెలైన్ బాటిళ్లు మారుస్తుంటాను, మిగతా రోజులు పిల్లల టిఫిన్ బాక్సులు కడుతుంటాను. నా నవల బస్సులో నడుస్తుంది. ఫోన్లో మెల్లగా చెబుతుంటే అదే టైపు చేసుకుంటుంది, సెలవు దొరికిన రోజు కూర్చుని తప్పులు దిద్ది అతుకుతాను. ఇంతకుముందు ఒక వాట్సాప్ గ్రూపులో ఉండేదాన్ని, రోజుకు ఐదువందల పదాలు పెట్టకపోతే తీసేస్తామన్నారు. డెంగీ సీజన్లో డబుల్ డ్యూటీలు పడ్డాయి, నన్ను తీసేశారు, కారణం కూడా అడగలేదు. ఆ రోజు ఏడ్చాను. అందుకే రోజూ రాయనివాడు రచయిత కాదన్నట్టు ఎవరు మాట్లాడినా ఊరుకోలేను.

మిర్యాలగూడ_మిల్లు
మాస్టారూ, 21 రోజుల లెక్క ఎక్కడిది? లండన్ యూనివర్సిటీ కాలేజీ వాళ్లు 2010లో అచ్చువేసిన అధ్యయనంలో అలవాటు కుదరడానికి సగటున 66 రోజులు పట్టింది. మనిషిని బట్టి 18 నుంచి 254 దాకా పోతుందని అంచనా వేశారు. మధ్యలో ఒక రోజు తప్పినా పెద్ద తేడా రాలేదని కూడా అందులోనే ఉంది.

రామగిరి_మాస్టారు
అది భోజనంతో పాటు పండు తినడం, నీళ్లు తాగడం లాంటి అలవాట్ల మీద చేసింది. నవలకు వర్తించదు.

మిర్యాలగూడ_మిల్లు
అయితే 21 కూడా వర్తించదు కదా సార్.

రామగిరి_మాస్టారు
21 వదిలేయండి. 66 అనుకోండి, వంద అనుకోండి, కూర్చోవాలన్న మాట మారదు. మా ఇంటావిడను ఇందులోకి లాగడం మాత్రం బాగాలేదు మేడమ్.

నేనెందుకింత గట్టిగా చెబుతున్నానో వినండి. నాతో పనిచేసిన తెలుగు పండితుడు ఒకాయన స్టాఫ్‌రూమ్‌లో తన నవల కథ చెబుతుంటే మేమంతా బెల్లు కొట్టినా లేచేవాళ్లం కాదు. పానగల్లు చెరువు, దాని కింద మడులు, దేశ్‌ముఖ్‌ల కాలం, అంతా నోటికుంది. మూడ్ రావాలనేవాడు. రిటైరైన ఏడాదే పోయాడు. వాళ్లింట్లో వెతికితే ఒక్క కాగితం దొరకలేదు. ఆ నవల నాకు తప్ప ఇంకెవరికీ గుర్తులేదు, నేను రాద్దామంటే ఆయన మాట నాకు రాదు. మన నల్లగొండ జిల్లాలో పుట్టిన వట్టికోట ఆళ్వారుస్వామి 1961లో చనిపోయేనాటికి ‘గంగు’ నవల అసంపూర్తిగానే ఉంది. అంతటివాడికే సమయం చాలలేదు.

జడ్చర్ల_నైట్‌డ్యూటీ
ఆళ్వారుస్వామిని మీ వాదానికి వాడుకోకండి. 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి, పుస్తకాలు మోసుకుంటూ తిరిగి అమ్మిన మనిషి, జైలుకు పోయిన మనిషి. ఆయన నవల ఆగింది పొద్దున లేవక కాదు. బతుకంతా జనంలో తిరిగాడు కాబట్టే రాయడానికి ఆయన దగ్గర అంత సరుకుంది. మీ పండితుడి సంగతి బాధగా ఉంది, కానీ ఆయన బాకీని ఈ అబ్బాయి మీద వేస్తున్నారు. పదో అధ్యాయం దాకా నడిచినవాడు పదకొండులో ఎందుకు ఆగాడని ఒక్కరైనా అడిగారా? బద్ధకమే అయితే మూడులోనే ఆగేవాడు.

రామగిరి_మాస్టారు
సాకులకు కారణాలు వెతకడం మొదలుపెడితే అంతుండదు.

దేవరకొండ_దారి
ఇద్దరూ కొంచెం తగ్గండి. అడిగినవాడు ఏడి?

కృష్ణఒడ్డు
ఇక్కడే ఉన్నాను. అక్క అడిగింది కాబట్టి చెబుతున్నాను. పదకొండో అధ్యాయంలో పరిహారం డబ్బులు రావాలి. మా ఇంట్లో జరిగింది, తాతతో వేలిముద్ర వేయించి పెద్ద భాగం పెదనాన్న తీసుకున్నాడు, మా నాన్న ఇటుక బట్టీకి పోయాడు. పెదనాన్న ఇప్పటికీ ఉన్నాడు. నాన్న పోయాక నా కాలేజీ ఫీజులు కట్టింది కూడా ఆయనే. బహుశా ఆ డబ్బుతోనే కట్టాడు. పొద్దున లేచి కూర్చున్నాను మాస్టారూ, చాలాసార్లు కూర్చున్నాను. ఆయన గడప దాటి లోపలికి వచ్చే దగ్గర చెయ్యి ఆగిపోతుంది.

రామగిరి_మాస్టారు
అయితే రేపే అది రాయి. మిగతావన్నీ పక్కన పెట్టి అదే రాయి. చుట్టరికం మార్చు, పెదనాన్నను మేనమామ చెయ్యి, ఊరిని ఏటి అవతలికి జరుపు. ఫీజులు కట్టిన చెయ్యీ అదే, వేలిముద్ర వేయించిన చెయ్యీ అదే అన్నావు చూడు, నీ నవల మొత్తం అక్కడే ఉంది. పేజీ చింపేస్తావో ఉంచుతావో తర్వాతి సంగతి.

జడ్చర్ల_నైట్‌డ్యూటీ
మేనమామను చేస్తే ఊళ్లో గుర్తుపట్టరా సార్? అమ్మ ఉంటే ఆ ఇళ్ల మధ్యనే ఉంటుంది, అచ్చయ్యాక మాటలు పడేది ఆమె. నా నవలలో డయాలసిస్ పేషెంటు భార్య ఒకామె ఉంది. ఆమెను అడిగే రాస్తున్నాను. ఒక అధ్యాయం వద్దంది, తీసేశాను. నాకు ఆలస్యమయ్యేది డ్యూటీల వల్ల మాత్రమే కాదు, ఇందుకు కూడా. ఆ రోజుల్లో నేను ఒక్క పదం రాయలేదు, కానీ నవల పనే చేశాను. మీ రోజుకో పేజీ లెక్కలో దానికి చోటు లేదు.

రామగిరి_మాస్టారు
అందర్నీ అడిగి రాస్తే ఎవరి తప్పూ లేని నవల మిగులుతుంది. ముంపు గురించి అలాంటిది ఎందుకు? నష్టపోయిన ఈ అబ్బాయి నాన్నను ఎవరు అడిగారు?

జడ్చర్ల_నైట్‌డ్యూటీ
అందుకే ఉన్నవాళ్లను అడగమంటున్నాను. తమ్ముడూ, అమ్మకు ఇప్పటిదాకా రాసింది చదివి వినిపించావా?

కృష్ణఒడ్డు
లేదక్కా. నేను రాస్తున్నట్టే అమ్మకు తెలియదు. ఆదివారం ఊరికి పోతున్నాను. పది అధ్యాయాలు ప్రింటు తీసి బ్యాగులో పెట్టుకున్నాను, చదివి వినిపిస్తానో లేదో ఇంకా అనుకోలేదు.

రామగిరి_మాస్టారు
వినిపించకు. శనివారం రాత్రికి పదకొండోది రాసి, అప్పుడు పో.

జడ్చర్ల_నైట్‌డ్యూటీ
ముందు వినిపించు.