ప్రాథమిక పాఠశాలనే తుఫాను షెల్టరుగా కట్టవచ్చా? దివిసీమలోని ఒక ఊరి బడి గురించి

దివితీరం:
మా ఊరు దివిసీమలో కరకట్టకు దగ్గరగా ఉంది. మా ప్రాథమిక పాఠశాల రెండు గదుల శ్లాబు భవనం. ఉప్పుగాలికి లోపలి చువ్వలు తుప్పుపట్టి ఉబ్బడంతో పైకప్పు నుంచి పెచ్చులు ఊడిపడుతున్నాయి. గత జులైలో ఒక పెచ్చు రెండో తరగతి పిల్లవాడి పలక మీద పడి, పలక రెండు ముక్కలైంది. వాడు అప్పుడే మంచినీళ్లకు లేచి వెళ్లాడు కనుక గండం గడిచింది. అప్పటి నుంచి పిల్లలు రామాలయం మండపంలో చదువుకుంటున్నారు. కొత్త భవనం కట్టే అవకాశం ఇప్పుడు వచ్చింది గానీ, డబ్బు ఒక్క కట్టడానికే సరిపోతుంది. తల్లిదండ్రుల కమిటీ ముందు రెండు ఆలోచనలు ఉన్నాయి. 10 అడుగుల పిల్లర్ల మీద తరగతి గదులు కట్టి, తుఫాను వచ్చినప్పుడు దానినే ఊరందరికీ షెల్టరుగా వాడుకోవడం ఒకటి. నేల మీదనే పిల్లలకు అనువైన బడి కట్టుకుని, షెల్టరు కోసం 2 కిలోమీటర్ల అవతల పక్క ఊళ్లో ఉన్న పాత భవనాన్ని నమ్ముకోవడం రెండోది. నేను మొదటిదాని వైపు ఉన్నాను. పెద్దలు తమ అభిప్రాయం చెప్పవలసిందిగా కోరుతున్నాను.

ఉప్పెన77:
దీనికి చర్చ ఎందుకో నాకు అర్థం కావడం లేదు. 1977 నవంబరు 19న నాకు తొమ్మిదేళ్లు. ఆ రాత్రి మా నాన్న నన్ను తన కండువాతో దూలానికి కట్టి, చెల్లిని భుజాన వేసుకుని, అమ్మ కోసం తిరిగి కిందికి దిగారు. తెల్లవారేసరికి దూలం మీద నేను ఒక్కడినే మిగిలాను. ప్రభుత్వ లెక్కల్లోనే దాదాపు 10,000 మంది పోయిన ఉప్పెన అది. మా వీధిలో ఒక్క మిద్దె ఉండి ఉంటే మా ఇంట్లో ముగ్గురూ బతికేవారు. పిల్లర్ల మీద కట్టండి. ఎత్తు గురించి ఎవరికైనా అనుమానం ఉంటే మా ఇంటికి రండి, నీళ్లు ఎంత వరకు వచ్చాయో చూపిస్తాను.

ఒకటో తరగతి టీచరు:
ఉప్పెన77 గారూ, మీ బాధ ముందు నేను రాసేది చిన్నదిగానే కనిపిస్తుంది, అయినా రాయక తప్పదు. 2023 డిసెంబరులో మిచాంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు నేను ఈ బడికి రాకముందు మరొక ఊరి బడిలో పనిచేస్తున్నాను. ఆ బడిని రెండు రాత్రులు షెల్టరుగా వాడారు. దానికి నేను ఎంతమాత్రం అడ్డు చెప్పలేదు, తాళం తీసింది కూడా నేనే. మూడో రోజు తిరిగి వెళ్లి చూస్తే ఒకటో తరగతి గది మధ్యలో పొయ్యిరాళ్లు ఉన్నాయి, చిన్న బల్లలు నాలుగు పొయ్యిలోకి పోయాయి, పిల్లల ఎత్తు కొలిచి పేర్లు రాసుకున్న గోడంతా మసి పట్టింది. వీటిని భరించవచ్చు. మరుగుదొడ్డి మాత్రం పూర్తిగా పూడిపోయింది, దానిని బాగు చేయించడానికి ఏడు వారాలు పట్టింది. ఆ ఏడు వారాలూ ఆడపిల్లలు ఇంటి నుంచి తెచ్చుకున్న సీసాలోని నీళ్లను అలాగే వెనక్కి తీసుకుపోయేవారు. ఎందుకు తాగడం లేదని అడిగితే ఒక పిల్ల, దొడ్డికి వెళ్లాల్సి వస్తుందని తాగట్లేదని చెప్పింది. ఆ పిల్లకు ఆరేళ్లు. పిల్లలకు భద్రమైన బడి గురించి మాట్లాడేటప్పుడు తుఫాను వచ్చిన రెండు రాత్రులతో పాటు మిగిలిన రోజులను కూడా లెక్కలోకి తీసుకోవాలని నా మనవి.

గాలివాలు:
బల్లలు మళ్లీ చేయించుకోవచ్చు టీచరు గారూ, ప్రాణాలు పోతే ఎక్కడి నుంచి తెస్తాం?

ఒకటో తరగతి టీచరు:
నేను బల్లల గురించి రాయలేదు. మరొక్కసారి చదవండి.

పునాదిరాయి:
నేను ఇంజనీరుగా పనిచేసి ఉద్యోగ విరమణ చేశాను, తీరప్రాంతంలో ఇలాంటి భవనాలు కొన్ని కట్టించాను. పిల్లర్ల మీద కట్టడం మంచి పద్ధతే, ఎందుకంటే ఉప్పెన నీరు కింద నుంచి అడ్డు లేకుండా సాగిపోతుంది. కానీ కట్టిన రెండేళ్లకే ఆ ఖాళీ స్థలం అందరి కంటా పడుతుంది. ఒకరు వంటగది కోసం, ఇంకొకరు ఎరువుల బస్తాల కోసం పిల్లర్ల మధ్య ఇటుక గోడలు పెడతారు. గోడ పెట్టగానే ప్రవాహపు బలమంతా పిల్లర్ల మీదికి వస్తుంది. మరొక విషయం ఏమిటంటే, కింద ఖాళీగా వదిలిన భవనాలు భూకంపానికి బలహీనం. 2001 జనవరి 26న గుజరాత్ భూకంపంలో అహ్మదాబాద్ అపార్టుమెంట్లు అనేకం అలాగే కూలాయి. పిల్లర్లను, వాటిని కలిపే దూలాలను ఆ లెక్కతోనే వేయాలి. మామూలు తాపీ మేస్త్రీ అంచనాతో వేయకూడదు.

ఇక మెట్లు. 2004 జులై 16న కుంభకోణంలో ఒక బడిలో 94 మంది పిల్లలు కాలిపోయారు. వంటశాలలో పుట్టిన మంట పైఅంతస్తులోని ఆకుల కప్పుకు అంటుకుంది, కిందికి రావడానికి ఇరుకైన మెట్లే దారి. ఆ తర్వాత 2009 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు, పిల్లల చదువు హక్కులోనే భద్రమైన బడి హక్కు కూడా ఉందని తీర్పు చెప్పింది. కాబట్టి పైఅంతస్తులో బడి పెడితే రెండు చివర్లా రెండు మెట్ల దారులు ఉండాలి, ఒక్కొక్కటి కనీసం మీటరున్నర వెడల్పు ఉండాలి, తలుపులు బయటికి తెరుచుకోవాలి, మధ్యాహ్న భోజనం వంటగది మెట్ల దరిదాపుల్లో కూడా ఉండకూడదు. రెండో మెట్ల దారికి డబ్బు లేదని ఎవరైనా అంటే, పైఅంతస్తు ఆలోచననే మానుకోండి.

పాప నాన్న:
పునాదిరాయి గారు మెట్ల గురించి రాశారు గానీ ర్యాంపు గురించి రాయలేదు. మా పాపకు ఏడేళ్లు, రెండు కాళ్లకూ క్యాలిపర్లు (నడవడానికి ఆసరాగా కట్టే పట్టీలు) ఉన్నాయి. విద్యాహక్కు చట్టం అనుబంధంలోనే అడ్డంకులు లేని దారి ఉండాలని రాసి ఉంది. ఒక అడుగు ఎత్తుకు 12 అడుగుల పొడవు చొప్పున లెక్క వేస్తే, 10 అడుగుల ఎత్తుకు 120 అడుగుల ర్యాంపు కావాలి. మధ్యలో ఆగడానికి చప్టాలు దీనికి అదనం. మీ స్థలంలో అంత చోటు ఉందా? ఉంటే దానికి డబ్బు ఉందా?

దివితీరం:
స్థలం మొత్తం 12 సెంట్లు. ర్యాంపును మడతలుగా కట్టుకోవచ్చు. అంతవరకు పాపను ఎవరో ఒకరు ఎత్తుకుని పైకి తీసుకువెళతారు, మన ఊళ్లలో మనుషులకు కొరత లేదు కదా.

పాప నాన్న:
ఎత్తుకుని తీసుకువెళ్లడం ఎలా ఉంటుందో నేను చెబుతాను. ఇప్పుడు మా పాప చదివే బడికి ఐదు మెట్లు ఉన్నాయి. నిరుటి వరకు ఆయా ఎత్తుకునేది. ఈ ఏడు మా పాప ఎత్తుకోనివ్వడం లేదు, గ్రిల్ పట్టుకుని ఒక్కొక్క మెట్టూ పక్కకు తిరిగి ఎక్కుతుంది. ఐదు మెట్లకు నాలుగు నిమిషాలు పడుతుంది. అప్పటికి ప్రార్థన అయిపోతుంది. రెండో తరగతిలోకి వచ్చినప్పటి నుంచి తను ఒక్కసారి కూడా ప్రార్థన వరుసలో నిలబడలేదు. మీ బడిలో 10 అడుగుల ఎత్తు అంటున్నారు. ర్యాంపును మడతలుగా "కట్టుకోవచ్చు" అని మీరు రాసినప్పుడే, దానిని ఎవరూ కట్టరని నాకు అర్థమైంది.

ఉప్పెన77:
ఒక్క పిల్ల కోసం ఊరంతా మునగాలా?

పాప నాన్న:
ఆ రాత్రి మునిగేవాళ్లలో ఆ పిల్ల కూడా ఉంటుంది. ముందుగా మునిగేది తనే.

ఒకటో తరగతి టీచరు:
అయ్యా, ర్యాంపు దగ్గరే ఆగిపోకండి. అర్ధరాత్రి తాళం ఎవరు తీస్తారు? దీనికి ఇంతవరకు ఎవరూ జవాబు చెప్పలేదు. విద్యాహక్కు చట్టం 27వ సెక్షన్ ప్రకారం ఉపాధ్యాయులకు బోధనేతర పనులు అప్పగించకూడదు, కానీ జనాభా లెక్కలు, ఎన్నికలు, విపత్తు సహాయం మాత్రం ఆ నిషేధం కిందికి రావు. అంటే షెల్టరు బాధ్యత చివరికి నా మీదికే వస్తుంది. తాళం చెవి నా చేతిలో ఉన్నప్పుడు ఆలస్యమైతే, ప్రాణాలకు జవాబు చెప్పవలసింది కూడా నేనే.

ఉప్పెన77:
ఆలస్యం ఎందుకవుతుంది? టీచర్లు బడి ఉన్న ఊళ్లో కాపురముంటే ఆలస్యం కాదు. మీరంతా పట్నంలో ఉండి, తొమ్మిదింటి బస్సుకు వచ్చి నాలుగున్నర బస్సుకు పోతారు.

ఒకటో తరగతి టీచరు:
మీ ఊళ్లో నేను అద్దె ఇల్లు అడిగాను. ఒంటరి ఆడమనిషికి ఇవ్వమని మూడు ఇళ్లవాళ్లు చెప్పారు. ఈ మాట బయట పెట్టాలని నేను అనుకోలేదు. ఇక నన్ను బస్సు గురించి అడగకండి.

గాలివాలు:
పెద్దలు కొంచెం నిదానించాలి.

సెందాయ్ తెలుగు:
నేను ఉద్యోగరీత్యా జపాన్‌లోని మియాగి ప్రాంతంలో ఉంటున్నాను. ఇక్కడికి దగ్గరలో ఇషినొమాకి నగర పరిధిలో ఒకావా ప్రాథమిక పాఠశాల శిథిలాలను అలాగే ఉంచారు, నేను వెళ్లి చూశాను. 2011 మార్చి 11న భూకంపం తర్వాత దాదాపు 50 నిమిషాల పాటు పిల్లలను బడి ఆవరణలోనే నిలబెట్టారు. సునామీ నది వెంబడి వచ్చింది. ఆ బడిలోని 108 మంది పిల్లల్లో 74 మంది, ఉపాధ్యాయుల్లో 10 మంది పోయారు. ఆవరణ వెనుకనే పిల్లలు నడిచి ఎక్కగల గుట్ట ఉంది. అక్కడ నిలబడి ఆ గుట్టను చూసినవారెవరూ కాసేపు మాట్లాడలేరు. ఆ బడి ప్రభుత్వ పత్రాల్లో తరలింపు కేంద్రం కూడా. ఆ పేరు ఉన్నందువల్లనే ఆ స్థలం భద్రమని కొందరు నమ్మారు. పైకోర్టు తర్వాత తప్పు పట్టింది ఆ రోజు నిర్ణయాన్ని ఒక్కదానినే కాదు. సునామీ వస్తే ఎక్కడికి వెళ్లాలో ముందుగానే స్పష్టంగా రాసి పెట్టుకోలేదని కూడా తప్పు పట్టింది. 2019లో వారి సుప్రీంకోర్టు దానినే ఖరారు చేసింది. టీచరు గారు అడిగిన తాళం ప్రశ్నను చిన్నదని కొట్టిపారేయవద్దు.

పునాదిరాయి:
మధ్యేమార్గం ఒకటి చెబుతాను. తరగతి గదులను మూడడుగుల అరుగు మీద కింది అంతస్తులో పెట్టండి. ఆ ఎత్తుకు 36 అడుగుల ర్యాంపు చాలు. పైన గదులు లేని ఒక పెద్ద హాలు, దానికి వేరుగా మరుగుదొడ్లు, వేరే మెట్లు కట్టండి. తుఫాను సంగతి రోజుల ముందే తెలుస్తుంది, బడికి సెలవు ఇస్తారు, కాబట్టి పిల్లలు రోజూ ఎక్కవలసిన పని లేదు. కింది గోడలు ఉప్పెనకు పోయినా పిల్లర్లు నిలిచేలా లెక్క వేయవచ్చు. ఖర్చు మాత్రం పెరుగుతుంది.

పాప నాన్న:
రోజువారీ చదువు వరకు ఇది మంచిదే. కానీ తుఫాను రాత్రి మా పాపలాంటివాళ్లు, మంచం పట్టిన ముసలివాళ్లు ఆ హాలుకు ఎలా చేరతారో కూడా దయచేసి రాయండి.

ఒకటో తరగతి టీచరు:
దివితీరం గారిని ఒక్క ప్రశ్న అడుగుతాను. పక్క ఊరి షెల్టరును బాగు చేయించడం ఇంతకంటే తేలిక. మీరు ఆ మాట ఒక్కసారి కూడా ఎందుకు ఎత్తలేదు?

దివితీరం:
అడిగారు కాబట్టి దాచను. మా బడిలో ఇప్పుడు ఉన్నది 23 మంది పిల్లలు. మిగతావాళ్లు ప్రైవేటు బడి బస్సు ఎక్కుతున్నారు. 2022లో 3, 4, 5 తరగతులను కొన్ని ఊళ్లలో హైస్కూళ్లకు తరలించినప్పుడు మా పక్క పేటలో బడి సగం ఖాళీ అయింది, ఆ తర్వాత ఎవరూ దానికి సున్నం కూడా వేయించలేదు. 23 మందికి భవనం కావాలని నేను అర్జీ పెడితే, వాళ్లను వేరే బడికి పంపండి అంటారు. 900 మందికి షెల్టరు కావాలని పెడితే వింటారు. షెల్టరు ఉన్నంతకాలం ఆ భవనం ఉంటుంది, భవనం ఉన్నంతకాలం బడి ఉంటుంది. నా కొడుకు వచ్చే ఏడు ఒకటో తరగతిలో చేరాలి. వాడు హైవే దాటి వెళ్లడం నాకు ఇష్టం లేదు.

ఒకటో తరగతి టీచరు:
ఈ మాట మొదటి రోజే చెప్పి ఉంటే నేను ఇంత కఠినంగా రాసేదాన్ని కాదు. అయినా నా భయం మీ భయానికి ఎదురుగానే నిలబడి ఉంది. షెల్టరు పేరుతో భవనం వస్తే అది ఊరి భవనం అవుతుంది. పెళ్లికి అడుగుతారు, ధాన్యానికి అడుగుతారు, పిల్లలు 15కి తగ్గిన రోజున ఇంక బడి ఎందుకని కూడా అడుగుతారు. అప్పుడు భవనం మిగులుతుంది, బడి పోతుంది.

ఉప్పెన77:
అమ్మా, బస్సు మాట నేను వెనక్కి తీసుకుంటున్నాను. మా మేనకోడలి ఇంట్లో ముందుగది ఖాళీగా ఉంది. పిల్లర్ల విషయంలో మాత్రం నా మాట మారదు, మూడడుగుల అరుగు చాలదు. నేను ఆ నీళ్లను చూశాను.

ఒకటో తరగతి టీచరు:
కృతజ్ఞతలు అండీ. పునాదిరాయి గారు చెప్పినట్టు పైహాలు, దానికి వేరే మరుగుదొడ్లు ఉంటే నేను ఒప్పుకుంటాను. ఒక షరతు ఉంది. తాళం చెవులు మూడు ఉండాలి. ఒకటి నా దగ్గర, ఒకటి గ్రామ సచివాలయంలో, ఒకటి బడికి ఎదురింట్లో ఉండాలి. తుఫాను వెళ్లిన తర్వాత ఎన్ని రోజుల్లో ఎవరు శుభ్రం చేయించాలో కమిటీ పుస్తకంలో రాసి, సంతకాలు పెట్టాలి.

దివితీరం:
శనివారం కమిటీ సమావేశం ఉంది. ఉప్పెన77 గారూ, మీ ఇంటి గోడ మీద నీటి మట్టం గుర్తు ఇంకా ఉంటే శుక్రవారం సాయంత్రం టేపు తీసుకుని వస్తాను. నేల నుంచి అది ఎన్ని అడుగులు ఉందో కొలిచి ఇక్కడే రాస్తాను. అరుగు మూడడుగులా, పిల్లర్లు పదడుగులా అన్నది ఆ కొలత చూసి పునాదిరాయి గారు చెప్పాలి.

ఉప్పెన77:
గుర్తు ఉంది. ఇంటికి ఎన్నిసార్లు సున్నం వేయించినా ఆ జానెడు మేర వదిలేయిస్తున్నాను. రండి.