వి.వి. గిరి మంత్రి అయ్యాక కూడా కార్మిక నాయకుడేనా?

మొదటి అభిప్రాయం

వరాహగిరి వెంకటగిరి గారు బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికులను కూడగట్టిన మాట, 1927లో ఖరగ్‌పూర్ సమ్మెలో ముందు నిలిచిన మాట నిజం. అయితే 1937లో మద్రాసు మంత్రివర్గంలో అడుగుపెట్టిన నాటి నుంచి ఆయన దారి మారింది. 1974 మే 8న రైల్వే సమ్మె మొదలై, తొలినాళ్లలో తాను కూడా నిలబెట్టిన అఖిల భారత రైల్వేమెన్ ఫెడరేషన్ కార్యకర్తలు వేల సంఖ్యలో జైళ్ల పాలవుతున్నప్పుడు ఆయన రాష్ట్రపతి పదవిలో ఉన్నారు. కార్మిక సంఘం ఆయన ఎదుగుదలకు మెట్టు మాత్రమే అయిందని నా అభిప్రాయం.

సమాధానం

1974ను చూసి 1937ను తూచడం న్యాయం కాదు. 1937 ఎన్నికల్లో ఆయన ఓడించింది మద్రాసు ప్రభుత్వాన్ని నడిపిన జస్టిస్ పార్టీ నేత బొబ్బిలి రాజావారిని, అదీ బొబ్బిలి గడ్డ మీదనే. కార్మికుల మధ్య తిరిగిన మనిషికి ఓటరు ఇచ్చిన ఆ గౌరవాన్ని మెట్టు అనడానికి నాకు మనసొప్పదు. రాజాజీ మంత్రివర్గంలో 1939 వరకు, మళ్ళీ 1946లో ప్రకాశం గారి మంత్రివర్గంలో ఆయన చేపట్టినది కార్మిక శాఖే. 1952లో కేంద్ర కార్మిక మంత్రి అయ్యాక, ప్రతి తగాదాకూ ట్రిబ్యునల్ (కార్మిక వివాదాలపై తీర్పు చెప్పే మండలి) వైపు చూసే అలవాటు సంఘాల బలాన్ని హరిస్తుందని, యాజమాన్యంతో ముఖాముఖి బేరసారాలే కార్మికునికి శాశ్వత రక్షణ అని వాదించారు. 1954లో బ్యాంకు ఉద్యోగుల జీతాలపై లేబర్ అప్పీలేట్ ట్రిబ్యునల్ ఇచ్చిన తీర్పును కేంద్రం ఉద్యోగులకు నష్టం కలిగేలా సవరించినప్పుడు ఆయన పదవినే వదులుకున్నారు. ఆ తరువాతే ఈ జీతాల వివాదాన్ని పరిశీలించే గజేంద్రగడ్కర్ కమిషన్ ఏర్పడింది, దాని సిఫార్సులకు 1955లో చట్టరూపం వచ్చింది.

మొదటి రచయిత ప్రత్యుత్తరం

ఆ రాజీనామా గొప్పదని ఒప్పుకుంటాను. కానీ ట్రిబ్యునళ్లు వద్దన్న మంత్రి చివరకు ట్రిబ్యునల్ తీర్పు కోసమే పదవి వదిలారు. ఖరగ్‌పూర్ వర్క్‌షాపులో వేలమంది ఒక్కమాట మీద నిలబడితే యాజమాన్యం దిగివస్తుంది. ఇంటి అరుగు మీద బీడీలు చుట్టే స్త్రీ ఎవరితో బేరమాడాలి? ఆమెకు చట్టం, తీర్పు తప్ప వేరే అండ లేదు. గిరి గారి ఆలోచన రైల్వే అనుభవం నుంచి పుట్టింది కనుక ఆ గడప దాటి చూడలేదని నా వాదన.

చివరి సమాధానం

బీడీ కార్మికుల విషయంలో మీ మాట సబబే. అయితే తీర్పును ఇష్టపడకపోవడం వేరు, వెలువడిన తీర్పును ప్రభుత్వమే తిరగరాయడాన్ని సహించకపోవడం వేరు. 1954లో ఆయనను కదిలించింది రెండవది. 1974 విషయంలో మాత్రం, రాష్ట్రపతి మంత్రిమండలి సలహాకు కట్టుబడాలన్న నియమం తెలిసి కూడా, ఆయన పక్షాన వాదించడానికి నేను సిద్ధంగా లేను.